డిస్క్ ఇమేజ్ నుంచి వర్చువల్ మెషీన్: బ్యాకప్‌కు అసలైన పరీక్ష

సూరత్ నగరంలోని ఆల్థాన్‌లో ఒక చీరల వ్యాపారి కార్యాలయాన్ని ఊహించుకుందాం. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి సూరత్‌లోనే స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన వ్యాపారి అలాంటి కుటుంబంలో రెండో తరం వాడు. తండ్రి మగ్గం మీద పనిచేశాడు. కొడుకు చీరలు కొని తెలుగు రాష్ట్రాల దుకాణాలకు పంపుతున్నాడు. పార్టీల ఖాతాలు, పాత బిల్లులు, జీఎస్టీ లెక్కలు, చీరల డిజైన్లు అన్నీ బల్ల కింద ఉన్న ఒకే ఒక పాత కంప్యూటర్‌లో ఉన్నాయి.

ఒక సోమవారం ఉదయం ఆ కంప్యూటర్ మొరాయించింది. మదర్‌బోర్డు పోయిందని బాగుచేసేవాడు తేల్చాడు. ఆ మోడల్ ఇప్పుడు బజారులో దొరకదు. అయినా వ్యాపారి కంగారు పడలేదు. ఆదివారం రాత్రే డిస్క్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీశాడు. కొత్త కంప్యూటర్ తెచ్చి ఆ డిస్క్ తగిలించి చూస్తే అందులో పెద్ద ఫైలు ఒకటే కనిపించింది. దాన్ని ఎన్నిసార్లు నొక్కినా ఏమీ తెరుచుకోలేదు. ఈలోగా కరీంనగర్ నుంచి ఫోన్: “అన్నా, మా ఖాతాలో బాకీ ఎంత ఉందో చెప్తే ఇయ్యాలే పంపిస్త.” జవాబు ఆ ఫైలులోనే ఉంది. కానీ చేతికి అందడం లేదు.

సమాచారం భద్రంగా ఉండటం, పని తిరిగి మొదలవడం ఒకటి కావు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించే మార్గాల్లో ఒకటి, ఆ బ్యాకప్ ఫైలు నుంచే ఒక వర్చువల్ మెషీన్‌ను తయారుచేసుకోవడం. పాత కంప్యూటర్ తెర, దాని సాఫ్ట్‌వేర్, దాని లెక్కలు అన్నీ కొత్త కంప్యూటర్‌లో ఒక కిటికీలో ప్రత్యక్షమవుతాయి. ఇది ఎలా సాధ్యం? ఎక్కడ దెబ్బ తింటుంది?

మగ్గం వేరు, అట్టలు వేరు

జవాబు నేతగాళ్లకు ఎప్పటినుంచో తెలిసినదే. జకార్డు మగ్గం మీద చీర అంచు నేసేటప్పుడు డిజైన్ మగ్గంలో ఉండదు. రంధ్రాలు కొట్టి వరుసగా కుట్టిన అట్టల్లో ఉంటుంది. అట్టలో రంధ్రం ఉన్న చోట కొక్కెం లేస్తుంది, లేని చోట లేవదు. 19వ శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ మేరీ జకార్డు రూపొందించిన ఈ పద్ధతే, ఆ తర్వాత కంప్యూటర్లకు ఆదేశాలిచ్చిన రంధ్రాల కార్డులకు దారి చూపింది. మగ్గం విరిగినా అట్టల కట్ట ఉంటే మరో మగ్గానికి ఎక్కించి అదే అంచు నేయవచ్చు. అయితే ఒక షరతు ఉంది. కొక్కేల లెక్క కుదరాలి. 240 కొక్కేల జకార్డు కోసం కొట్టిన అట్టలు 120 కొక్కేల జకార్డు మీద నడవవు.

కంప్యూటర్ విషయమూ ఇంతే. మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ కలిస్తే మగ్గం. డిస్క్ మీద రాసి ఉన్న సమాచారం అట్టల కట్ట. డిస్క్ ఇమేజ్ అంటే ఆ కట్టకు పూర్తి నకలు. వర్చువల్ మెషీన్ అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మగ్గం. కొక్కేల లెక్కను మనకు కావలసినట్లు అమర్చుకునే వీలుండటమే దాని ప్రత్యేకత.

డిస్క్ ఇమేజ్‌లో ఏముంటుంది?

మనం మామూలుగా తీసే బ్యాకప్‌లో ఫైళ్లు మాత్రమే ఉంటాయి. ఫొటోలు, పత్రాలు, లెక్కల ఫోల్డరు వంటివి వేరే చోటికి కాపీ అవుతాయి. వాటిని తెరవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్, దాని సెట్టింగులు, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కాపీలోకి రావు.

డిస్క్ ఇమేజ్ అలా కాదు. డిస్క్ మీద సమాచారం సెక్టార్లు అనే చిన్న గళ్లలో ఉంటుంది. సంప్రదాయంగా ఒక్కో సెక్టార్‌లో 512 బైట్లు పడతాయి. కొత్త డిస్కుల్లో 4,096 బైట్ల సెక్టార్లు కూడా ఉన్నాయి. సున్నా నంబరు సెక్టార్ నుంచి చివరి దాకా ఉన్నది ఉన్నట్లు వరుసగా రాసుకుంటూ పోతే వచ్చేదే డిస్క్ ఇమేజ్. కంప్యూటర్‌ను మేల్కొలిపే బూట్ భాగం, డిస్క్‌ను విభాగాలుగా చూపే పట్టిక, ఆపరేటింగ్ సిస్టమ్, స్థాపించిన సాఫ్ట్‌వేర్, దాచిన సెట్టింగులు అన్నీ అందులో ఉంటాయి.

ఇలాంటి నకలులో రెండు రకాలున్నాయి. ఒకటి ముడి ఇమేజ్, అంటే బైటుకు బైటు యథాతథంగా ఉండేది. రెండోది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సొంత తరహా ఫైలు. అందులో ఖాళీ సెక్టార్లను వదిలేసి, మిగిలినవాటిని కుదించి భద్రపరుస్తారు. తొలి బ్యాకప్ పూర్తిది, ఆ తర్వాతివి మారిన భాగాలవి మాత్రమే అయితే అదొక గొలుసు అవుతుంది. గొలుసులో మధ్య ఫైలు ఒకటి పోతే దాని తర్వాతివేవీ పనికిరాకపోవచ్చు. అందుకే తాజా ఫైలు ఒక్కటి దాచుకుంటే చాలదు, గొలుసు మొత్తం ఉండాలి.

మన వ్యాపారి దగ్గర ఉన్నది ఈ రెండో రకం. అందుకే ఫైలు మీద ఎన్నిసార్లు నొక్కినా అతనికి ఫలితం దక్కలేదు.

లేని డిస్క్‌ను ఉన్నట్టు చూపడం

ఒకే యంత్రాన్ని అనేక యంత్రాలుగా చూపడం కొత్త ఆలోచనేమీ కాదు. ఐబీఎం సంస్థ తన పెద్ద కంప్యూటర్ల కోసం ఇలాంటి వ్యవస్థను, వీఎం/370 పేరుతో, 1972లోనే ప్రకటించింది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు ఒక కంప్యూటర్‌ను ఇలా వర్చువల్‌గా చూపాలంటే దాని ప్రాసెసర్‌కు ఏ లక్షణాలుండాలో సిద్ధాంతపరంగా నిర్వచించారు. మన బల్లల మీదికి వచ్చిన ఎక్స్86 తరహా ప్రాసెసర్లు ఆ నియమాలకు పూర్తిగా లొంగలేదు. 1998లో మొదలైన వీఎంవేర్ సంస్థ సాఫ్ట్‌వేర్ ఉపాయాలతో ఆ ఇబ్బందిని దాటింది. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ప్రాసెసర్లలోనే దీనికి తగిన ఏర్పాట్లు చేశాయి. ఆనాటి నుంచి సాధారణ డెస్క్‌టాప్ మీద కూడా వర్చువల్ మెషీన్లు వేగంగా నడుస్తున్నాయి.

వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అని, లోపల నడిచే పాత వ్యవస్థను గెస్ట్ అని పిలుస్తారు. గెస్ట్ తాను నిజమైన యంత్రం మీదే ఉన్నాననుకుంటుంది. “పది లక్షలవ నంబరు సెక్టార్ చదివి ఇవ్వు” అని తన డిస్క్‌ను అడుగుతుంది. అక్కడ డిస్క్ లేదు. హైపర్‌వైజర్ ఆ కోరికను మధ్యలోనే అందుకుంటుంది. 10,00,000ను 512తో గుణిస్తుంది. ఇమేజ్ ఫైలులో 51,20,00,000వ బైటు దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి 512 బైట్లు తీసి గెస్ట్‌కు ఇస్తుంది. గెస్ట్‌కు తేడా తెలియదు.

ముడి ఇమేజ్‌కూ వర్చువల్ డిస్క్‌కూ మధ్య ఉన్న దూరం ఇంత చిన్నది. తేడా ప్రధానంగా ఫైలు అమరికలోనే. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాడే వీహెచ్‌డీ, వీహెచ్‌డీఎక్స్, వీఎంవేర్ వాడే వీఎండీకే, వర్చువల్‌బాక్స్ వాడే వీడీఐ, లినక్స్ ప్రపంచంలో ప్రచారంలో ఉన్న క్యూకౌ2 అన్నీ ఒకే సమాచారాన్ని వేర్వేరు సంచుల్లో పెట్టే పద్ధతులు. ఒక సంచి నుంచి మరో సంచికి మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి. క్యూఈఎంయూ ప్రాజెక్టుతో వచ్చే ఇమేజ్ సాధనం వాటిలో బాగా తెలిసినది.

మేల్కొలిపే క్రమం

మొదటి పని అసలు బ్యాకప్‌ను ముట్టుకోకపోవడం. దానికి ఇంకో నకలు తీసి, ఆ నకలు మీదే పనిచేయాలి. రెండూ ఒకటేనా అని తెలుసుకోవడానికి ఎస్‌హెచ్‌ఏ-256 వంటి లెక్క ఉపయోగపడుతుంది. ఫైలు ఎంత పెద్దదైనా దాని నుంచి ఒక చిన్న సంకేతాన్ని ఈ లెక్క తయారుచేస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా సంకేతం మారిపోతుంది. రెండు ఫైళ్ల సంకేతాలు కలిస్తే నకలు నమ్మదగినదే.

దీనికి పట్టే సమయాన్ని ముందే లెక్కేసుకోవాలి. 500 గిగాబైట్ల ఇమేజ్‌ను సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో కాపీ చేస్తే 5,000 సెకన్లు, అంటే దాదాపు 83 నిమిషాలు పడుతుంది. అదే ఇమేజ్‌ను సెకనుకు 50 మెగాబిట్ల ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకోవాలంటే 22 గంటలు దాటుతుంది. బ్యాకప్ ఇంటర్నెట్‌లో ఉందని ధైర్యంగా ఉండేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూసుకోవడం మంచిది.

రెండో పని ఇమేజ్‌ను వర్చువల్ డిస్క్‌గా మార్చడం. ముడి ఇమేజ్ అయితే నేరుగా మార్చవచ్చు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు అయితే, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే వర్చువల్ డిస్క్‌గా మార్చే సదుపాయం ఉందేమో చూడాలి. లేకపోతే ఇంకో దారి ఉంది. ఖాళీ డిస్క్‌తో ఒక వర్చువల్ మెషీన్ తయారుచేసి, అదే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే రెస్క్యూ డిస్క్‌తో దాన్ని ప్రారంభించి, నిజమైన కంప్యూటర్‌కు చేసినట్లే అందులోకి బ్యాకప్‌ను పునరుద్ధరించాలి. ఖాళీ డిస్క్ పరిమాణం పాత డిస్క్ పరిమాణం కంటే తక్కువ కాకుండా చూసుకోవాలి. వర్చువల్ డిస్క్ నిజంగా వాడిన మేరకే చోటు తీసుకునేలా అమర్చుకోవచ్చు కాబట్టి, పెద్ద పరిమాణం చూపినా హోస్ట్‌లో అంత స్థలం వెంటనే ఖర్చు కాదు.

మూడో పని పాత కంప్యూటర్ ఏ పద్ధతిలో మేల్కొనేదో తెలుసుకోవడం. పాత యంత్రాలు బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పట్టికతో మొదలవుతాయి. 512 బైట్ల సెక్టార్లతో ఆ పట్టిక 2 టెరాబైట్లకు మించి చూపలేదు. కొత్త యంత్రాలు యూఈఎఫ్ఐ పద్ధతిలో, జీపీటీ అనే పట్టికతో మొదలవుతాయి. వర్చువల్ మెషీన్‌ను తయారుచేసేటప్పుడు పాతదానికి సరిపోయే పద్ధతిని ఎంచుకోవాలి. పొరపాటున రెండోది ఎంచుకుంటే, డిస్క్‌లో అన్నీ ఉన్నా బూట్ చేయడానికి ఏమీ దొరకలేదన్న సందేశం వస్తుంది. అది చూసి బ్యాకప్ పాడైందని భయపడనక్కరలేదు.

నాలుగో పని, కొత్త డిస్క్ తయారుచేయకుండా “ఉన్న డిస్క్‌ను వాడు” అనే ఎంపికతో మన ఫైలును తగిలించడం. మెమరీ పాత కంప్యూటర్‌లో ఉన్నంత ఇస్తే చాలు. నెట్‌వర్క్‌ను మాత్రం ప్రస్తుతానికి తెంచి ఉంచాలి. కారణం ముందు చూద్దాం.

తాళంచెవి పెట్టెలోనే ఉండిపోతే

ఇక ప్రారంభించగానే చాలామందికి ఎదురయ్యేది నీలి తెర. విండోస్ లోగో ఒక క్షణం కనిపించి, బూట్ డివైస్ అందుబాటులో లేదన్న సందేశంతో ఆగిపోతుంది. డిస్క్ ఉంది. విండోస్ కూడా ఆ డిస్క్ నుంచే మొదలైంది. మరి అందుబాటులో లేదంటుందేం?

అసలు మెలిక ఇక్కడే ఉంది. తొలి కొన్ని క్షణాల్లో డిస్క్‌ను చదివిపెట్టేది బయోస్ లేదా యూఈఎఫ్ఐ. ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ తన సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను చదవడం మొదలుపెడుతుంది. డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే కంట్రోలర్‌తో ఎలా మాట్లాడాలో తెలిసిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆ డ్రైవర్. పాత కంప్యూటర్‌లోని కంట్రోలర్ ఒక రకం, వర్చువల్ మెషీన్ చూపే కంట్రోలర్ మరో రకం అయితే కొత్త డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ డిస్క్ మీదే ఉండవచ్చు. కానీ దాన్ని చదవాలంటే ముందు డ్రైవర్ కావాలి. తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టన్నమాట. కొక్కేల లెక్క కుదరని అట్టల కథే ఇది.

నిజమైన మగ్గానికి కొక్కేలు మార్చడం కష్టం. సాఫ్ట్‌వేర్ మగ్గానికి తేలిక. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో డిస్క్ కంట్రోలర్‌ను ఐడీఈ, సాటా, స్కజీ రకాల మధ్య మార్చవచ్చు. విండోస్ ఎక్స్‌పీ వంటి పాత వ్యవస్థలకు ఐడీఈ, ఆ తర్వాతివాటికి సాటా సాధారణంగా పరిచితమైనవి. వేగం కోసం రూపొందించిన వర్టిఐఓ వంటి కంట్రోలర్లకు విండోస్‌లో విడిగా డ్రైవర్ వేయాలి. కాబట్టి మొదట పాత వ్యవస్థకు తెలిసిన రకంతో మేల్కొలిపి, లోపలికి వెళ్లాక కొత్త డ్రైవర్లు వేసుకుని, తర్వాతే మార్చుకోవాలి. విండోస్ 10 వంటివి కొత్త హార్డ్‌వేర్‌కు చాలావరకు తమంతట తామే సర్దుకుంటాయి. లినక్స్ కూడా సాధారణంగా సర్దుకుంటుంది. అయితే బూట్ సమయంలో వాడే చిన్న ఫైలు పాత హార్డ్‌వేర్ డ్రైవర్లతోనే కట్టి ఉంటే, రెస్క్యూ డిస్క్‌తో వెళ్లి దాన్ని మళ్లీ తయారుచేయాలి.

ఎన్‌క్రిప్షన్ రెండో తాళం. డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే, దాని తాళంచెవి పాత మదర్‌బోర్డులోని టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉండవచ్చు. సెక్టార్లను ఉన్నవి ఉన్నట్లు కాపీ చేసిన ఇమేజ్‌ను వర్చువల్ మెషీన్‌లో తెరిస్తే, అక్కడ ఆ చిప్ ఉండదు కాబట్టి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలి సమాచారం మనది అయినా మనకు దక్కదు. ఆ అంకెలు అదే కంప్యూటర్‌లోని ఒక ఫైలులో దాచుకున్నవారికి మరో దారి ఉండదు. వాటిని కాగితం మీద రాసి వేరే చోట పెట్టుకోవాలి.

ఒకే మనిషి రెండు చోట్ల ఉంటే

నెట్‌వర్క్ తెంచి ఉంచమనడానికి ఇదీ కారణం. డిస్క్ ఇమేజ్ నుంచి పుట్టిన వర్చువల్ మెషీన్ పాత కంప్యూటర్ పేరునే చెప్పుకుంటుంది. దానికి అవే పాస్‌వర్డులు, అవే షెడ్యూళ్లు ఉంటాయి. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుండగా పరీక్ష కోసం దీన్ని మేల్కొలిపితే ఒకే నెట్‌వర్క్‌లో ఒకే పేరుతో రెండు యంత్రాలు ఉంటాయి. బాకీలు గుర్తుచేసే ఈమెయిళ్లు రెండోసారి వెళ్లవచ్చు. ఫైళ్లను ఇంటర్నెట్‌తో సరిచూసుకునే సాఫ్ట్‌వేర్, గత వారం తీసేసిన ఫైళ్లను తిరిగి తేవచ్చు, లేదా కొత్తవాటితో గందరగోళపడవచ్చు. ముందు చీకటి గదిలో కూర్చోబెట్టి, అన్నీ చూసుకున్నాకే బయటికి పంపాలి.

పరీక్ష వల్ల ఇమేజ్ మారిపోకుండా ఉండేందుకు కూడా మంచి ఉపాయం ఉంది. డిజైన్ గీసిన కాగితం మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి మార్పులు గీస్తే కింది డిజైన్ చెడదు కదా. అలాగే ఇమేజ్‌ను కింద ఉంచి, పైన ఖాళీ పొర ఫైలు ఒకటి తయారుచేయవచ్చు. గెస్ట్ రాసే ప్రతిదీ పై పొరలోకి వెళుతుంది. చదివేటప్పుడు పై పొరలో ఉంటే అది, లేకపోతే కింది ఇమేజ్‌లోది అందుతుంది. పరీక్ష అయ్యాక పై పొరను తీసేస్తే చాలు. ఇమేజ్ అంగుళం కూడా కదలదు.

ఇమేజ్ ఏ స్థితిలో తీశారన్నది కూడా ముఖ్యమే. కంప్యూటర్ నడుస్తుండగా, బిల్లు సగం రాస్తుండగా తీసిన ఇమేజ్ కరెంటు పోయిన క్షణం నాటి కంప్యూటర్‌తో సమానం. మేల్కొన్నాక లెక్కల ఫైలు పాడై ఉండవచ్చు. విండోస్‌లోని వాల్యూమ్ షాడో కాపీ వంటి సేవలు, తమకు సహకరించే సాఫ్ట్‌వేర్‌లను ఒక క్షణం ఆగి చేతిలో ఉన్న రాతపని పూర్తిచేయమని అడిగి, ఆ తర్వాతే ఫొటో తీసినట్లు ఇమేజ్‌కు పునాది వేస్తాయి. అన్ని సాఫ్ట్‌వేర్‌లూ వాటి మాట వినవు. కాబట్టి బ్యాకప్‌కు ముందు లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మూసేయడం చిన్న అలవాటే అయినా గొప్ప రక్ష.

అన్నీ అయ్యాక, తెర కనిపించింది కదా అని సంబరపడకూడదు. లెక్కల సాఫ్ట్‌వేర్ తెరవాలి. కాగితం మీద ఉన్న ఏదో ఒక నెల మొత్తాన్ని తెర మీది మొత్తంతో సరిచూడాలి. చివరి బిల్లు నంబరు చూడాలి. ఒక డిజైన్ ఫైలు తెరవాలి. అప్పుడే బ్యాకప్ పరీక్ష నెగ్గినట్టు.

వర్చువల్ మెషీన్‌కు దొరకనివి

అన్నీ ఇలా కుదరవు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు యూఎస్‌బీ డాంగిల్ ఉంటేనే తెరుచుకుంటాయి. డాంగిల్‌ను హోస్ట్ నుంచి గెస్ట్‌కు అప్పగించవచ్చు గానీ ప్రతి డాంగిల్ అందుకు ఒప్పుకోదు. మదర్‌బోర్డులో గుచ్చిన ప్రత్యేక కార్డుతో నడిచే యంత్రాలను సాధారణంగా ఇలా నడపలేం. హార్డ్‌వేర్ మారిందని గమనించి సాఫ్ట్‌వేర్ మళ్లీ లైసెన్సు అడగవచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ కంప్యూటర్‌కే పరిమితం. కాబట్టి వర్చువల్ మెషీన్‌ను నిత్యం వాడాలనుకుంటే షరతులు చూసుకోవాలి.

ప్రాసెసర్ కుటుంబం కూడా కలవాలి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కోసం రాసిన వ్యవస్థను ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నడపాలంటే ప్రతి ఆదేశాన్నీ అనువదించాలి. అది నడుస్తుంది గానీ బాగా నెమ్మదిస్తుంది.

భద్రత మరో అంశం. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది. వర్చువల్ మెషీన్‌లో ఉన్నంత మాత్రాన ఆ పాత లోపాలు మాయం కావు. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వాన్నక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కుకున్నాయి. సవరణలు వేయని విండోస్ యంత్రాలే ఆ దాడికి ప్రధాన లక్ష్యాలు. కాబట్టి పాత వ్యవస్థను కేవలం పాత లెక్కలు చూసుకోవడానికే, నెట్‌వర్క్ లేకుండా వాడుకోవడం మేలు.

బ్యాకప్ ఉంది, అయినా రెండు వారాలు

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. 5 సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిందని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. దాడికి గురికాని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ సమాచారం మొత్తాన్ని తిరిగి పొంది, కొత్త సర్వర్లలో పునరుద్ధరించారు. అయినా రోగుల నమోదు, అపాయింట్‌మెంట్లు, డిశ్చార్జి వంటి ప్రధాన సేవలు చాలావరకు తిరిగి రావడానికి రెండు వారాలు పట్టింది. అంతవరకు పని కాగితాల మీద నడిచింది. దేశంలోని అగ్రశ్రేణి ఆసుపత్రికే బ్యాకప్‌కూ సేవకూ మధ్య అంత దూరం ఉంటే, చిన్న కార్యాలయాల సంగతి చెప్పనక్కరలేదు.

సూరత్‌కు మరో ముప్పు నీటితో. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. అలాంటి వరదలో బల్ల కింది కంప్యూటర్, దాని పక్క సొరుగులోని బ్యాకప్ డిస్క్ రెండూ ఒకేసారి మునుగుతాయి. సమాచారానికి మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రం పుట్టింది ఇలాంటి నష్టాలను దృష్టిలో పెట్టుకునే. వేరే చోటు అంటే వీధి అవతల కాదు. ఒకే వరద, ఒకే అగ్నిప్రమాదం రెండింటినీ తాకని చోటు.

చట్టం కూడా పాత లెక్కలను అడుగుతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచాలి. కంపెనీల చట్టం ప్రకారం కంపెనీలు 8 ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే కంపెనీ ఖాతాల బ్యాకప్‌ను దేశంలోని సర్వర్లలో ప్రతిరోజూ ఉంచాలన్న నిబంధన 2022 ఆగస్టులో వచ్చింది. ఆరేళ్ల నాటి లెక్క ఆనాటి సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటే, ఫైలును మాత్రమే దాచుకుని లాభమేమిటి? ఆనాటి కంప్యూటర్‌ను దాచుకోవాలి. దాన్ని అలమరలో పెట్టుకునే బదులు ఒక ఫైలుగా దాచుకునే వీలును వర్చువల్ మెషీన్ కల్పిస్తుంది.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. వర్చువల్ మెషీన్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. దానిలో కొత్త బిల్లులు రాయడం మొదలుపెట్టిన క్షణం నుంచి అదే అసలు కంప్యూటర్. పాత ఇమేజ్ గతమైపోతుంది. ఇకపై ఆ వర్చువల్ మెషీన్‌కే బ్యాకప్ తీయాలి. ఏది అసలు, ఏది నకలు అన్నది ఇంట్లో అందరికీ తెలిసేలా ఒక కాగితం మీద రాసి అంటించాలి.

మూడు నెలలకు ఒక ఆదివారం

మళ్లీ ఆల్థాన్‌కు వెళదాం. మన వ్యాపారి దగ్గర ఇమేజ్ ఉంది, కొత్త కంప్యూటర్ ఉంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రెస్క్యూ డిస్క్‌తో ఖాళీ వర్చువల్ మెషీన్‌లోకి ఇమేజ్‌ను పునరుద్ధరించి, కంట్రోలర్‌ను పాతదానికి తగినట్లు మారిస్తే ఆ రోజు సాయంత్రానికి కరీంనగర్ పార్టీకి జవాబు చెప్పగలడు. ఇదే పనిని మొదటిసారిగా, దుకాణదారులు ఫోన్లు చేస్తుండగా, నీలి తెరకు అర్థం వెతుక్కుంటూ చేస్తే రోజులు పడతాయి. 48 అంకెల తాళంచెవి దొరకకపోతే ఎప్పటికీ కాదు.

అందుకే పరీక్ష ప్రమాదానికి ముందే జరగాలి. మూడు నెలలకు ఒక ఆదివారం రెండు గంటలు కేటాయిస్తే చాలు. తాజా ఇమేజ్ మీద పై పొర వేసి, నెట్‌వర్క్ తెంచి, వర్చువల్ మెషీన్‌ను మేల్కొలపాలి. గడియారం పెట్టుకుని ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. అది మన పని ఎంతసేపు ఆగుతుందో చెబుతుంది. చివరి బిల్లు ఏ తేదీదో రాసుకోవాలి. అది మనం ఎన్ని రోజుల పని మళ్లీ చేయాలో చెబుతుంది. ఈ రెండు అంకెలు నచ్చకపోతే బ్యాకప్ పద్ధతి మార్చుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.

ఒక్కసారి కూడా మేల్కొలిపి చూడని బ్యాకప్ గాలిలో పెట్టిన దీపం. వెలిగితే మన అదృష్టం. ఆదివారం మేల్కొలిపి, లెక్క సరిచూసుకున్న బ్యాకప్ ఉంటే, సోమవారం పొద్దున మదర్‌బోర్డు పోయినా కరీంనగర్ ఫోన్‌కు జవాబు దొరుకుతుంది.